కోట దగ్గర జలపాతం ఎందుకు ఉండదు?

మా అపార్ట్‌మెంట్‌లో ఎవరికి రెండు రోజులు సెలవు దొరికినా నన్ను అడిగేది ఒకటే. "అన్నా, ఒక కోట చూడాలి, ఒక జలపాతం చూడాలి. పొద్దున పోయి రాత్రి అన్నం టైముకు ఇంట్లో ఉండాలి. ఎటు పోదాం?" చాలా ఏళ్లుగా ఉప్పల్‌లో ఉంటూ ఆదివారాలు గుట్టలెక్కే అలవాటున్నవాణ్ణి కాబట్టి నా దగ్గర ఏదో జాబితా ఉంటుందని వాళ్ల నమ్మకం. జాబితా ఉన్న మాట నిజమే, ఈ ప్రశ్నకు మాత్రం అందులో జవాబు లేదు. వరంగల్ రోడ్డు పట్టుకుంటే కోటలు దొరుకుతాయి, జలపాతాలు దొరకవు. శ్రీశైలం రోడ్డు పట్టుకుంటే జలపాతాలున్నాయి, పెద్ద కొండకోటలు కనబడవు. రెండూ కావాలని ఒకే రోజులో 400 కిలోమీటర్లు తిరిగొచ్చినవాళ్లు రెంటినీ కారు అద్దంలోంచి చూసినట్టే లెక్క.

ఇది మన దురదృష్టమని నేనూ చాలాకాలం అనుకున్నాను. అసలు సంగతి రాయిలో ఉంది. ఏ రాయి కోటకు పనికొస్తుందో ఆ రాయి మీద జలపాతం పుట్టడం కష్టం. ఈ ఒక్క ముడి విడిపోతే హైదరాబాద్ చుట్టూ ఎటు ఎప్పుడు పోవాలో దానంతట అదే తేలుతుంది.

హైదరాబాద్ కూర్చున్నది గ్రానైట్ మీద. దీని వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. భూమి లోపల చాలా లోతున కరిగిన రాయి నెమ్మదిగా చల్లారి గట్టిపడింది. పైనున్న నేల కోట్ల ఏళ్లపాటు కోసుకుపోయాక అది బయటపడింది. నెత్తిన బరువు తగ్గేసరికి రాయి ఉబ్బి, ఉల్లిపాయలా పొరలు పొరలుగా విచ్చుకుంది. భువనగిరి గుట్ట నున్నటి గుండ్రంతో ఒక్కటే బండలా కనిపించడానికి కారణం అదే. ఇక జూబ్లీహిల్స్‌లోనో ఖాజాగూడలోనో రాయి మీద రాయి పేర్చినట్టు కనిపించే గుండ్లను ఏ రాక్షసుడూ పేర్చలేదు. గ్రానైట్‌లో నిలువు, అడ్డం పగుళ్లుంటాయి. భూమిలో ఉన్నప్పుడే ఆ పగుళ్లలోకి నీరు దిగి, మూలలను తినేసి, ముక్కలను గుండ్రంగా మార్చింది. తర్వాత చుట్టూ ఉన్న మెత్తని మట్టి కొట్టుకుపోయింది, గుండ్లు ఉన్నచోటే నిలబడ్డాయి.

ఇప్పుడు మిమ్మల్ని మీరు ఒక రాజనుకోండి. చుట్టూ చదునైన నేల, మధ్యలో నాలుగు వైపులా జారిపోయే బండ. దాన్ని ఎక్కడానికి ఒకటో రెండో దారులే ఉన్నాయి. ఆ దారుల దగ్గర గోడ కట్టి పదిమందిని నిలబెడితే చాలు, మిగతా పని గుట్టే చూసుకుంటుంది. మన ఊళ్ల పేర్లలోనే ఆ కథంతా ఉంది: గోల్కొండ, రాచకొండ, దేవరకొండ, కోయిలకొండ, భువనగిరి. కౌటిల్యుడి అర్థశాస్త్రం కోటలను నాలుగు రకాలుగా చెబుతుంది: నీటి నడుమ, కొండ మీద, ఎడారిలో, అడవిలో. మన దగ్గర కొండే చేతికందేంత దగ్గర్లో ఉంది కాబట్టి మనవాళ్లు కొండనే ఎంచుకున్నారు.

అయితే కొండెక్కి కూర్చున్న రాజుకు రెండో రోజే ఒక టెన్షన్ మొదలవుతుంది. నీళ్లు. గోడలూ ఫిరంగులూ ఎన్ని ఉన్నా, కింద శత్రువు డేరాలు వేసుకుని కూర్చుంటే పైనున్నవాళ్ల ఆయుష్షు కోనేటిలో ఎన్ని మూరల నీరుందో అంతే. కోట చూడటానికి వెళ్లే మనవాళ్లు దర్వాజలు చూస్తారు, ఫిరంగి మీద కూర్చుని ఫోటో దిగుతారు, పైదాకా ఎక్కి గాలికి చేతులు చాపుతారు. నీళ్ల జాడ వెతికేవాళ్లు తక్కువ. నా మట్టుకు నాకు కోట అంటే ముందు నీళ్ల ఏర్పాటు, తర్వాతే గోడ.

ఈ సంగతి నాకు నేర్పింది రాచకొండలో ఒక మేకల కాపరి. నగరంలో రాచకొండ అంటే ఆ పేరుతో నడిచిన పోలీస్ కమిషనరేట్ గుర్తుకొస్తుంది. ఆ పేరు మాత్రం 14వ శతాబ్దంలో రేచర్ల పద్మనాయకులు రాజధాని చేసుకున్న గుట్టలది. 'రసార్ణవసుధాకరం' అనే సంస్కృత నాట్యశాస్త్ర గ్రంథం రాసిన సర్వజ్ఞ సింగభూపాలుడు ఏలిన చోటు. అలాంటి చోటుకు నేను ఏప్రిల్‌లో, మధ్యాహ్నం పన్నెండింటికి, ఒకే ఒక్క సీసా నీళ్లతో వెళ్లాను. సగం దూరం కూడా పోకముందే సీసా ఖాళీ. చెట్టు నీడన కూర్చున్న పెద్దాయన నన్ను చూసి, "కోట జూడ వచ్చిండ్రా సారూ? నీళ్లు దెచ్చుకోలేదా?" అన్నాడు. ఖాళీ సీసా చూపించాను. నవ్వి, బండల మధ్య ఒక గుండం దగ్గరికి తీసుకెళ్లాడు. ఆ ఎండలో కూడా అందులో నీళ్లున్నాయి. "మా మేకలు ఈడనే తాగుతయి. నీళ్లు లేకుంటే రాజైనా ఈడెందుకుంటడు సారూ?" అన్నాడు. తాగడానికి మాత్రం తన డబ్బాలోని నీళ్లే ఇచ్చాడు.

ఆ గుండాలు ఎలా వచ్చాయో తెలిశాక కోటలు చూసే చూపే మారిపోయింది. కొన్ని సహజంగా ఏర్పడ్డ పల్లాలు. మరికొన్ని గోడకు రాయి తీసిన గుంతలు. దక్కన్ కొండకోటల్లో ఇది తరచుగా కనిపించే తెలివి. రాయిని కింది నుంచి మోయకుండా గుట్ట మీదే కొట్టుకుంటారు. బండ మీద వరసగా ఉలితో రంధ్రాలు వేసి, అందులో ఎండిన కట్టె మేకులు దిగ్గొట్టి నీళ్లు పోస్తారు. కట్టె ఉబ్బుతుంది, బండ గీత గీసినట్టు చీలుతుంది. రాయి గోడకు పోతుంది, గుంత వాన నీటికి మిగులుతుంది. గ్రానైట్‌లో నీరు ఇంకదు కాబట్టి తొట్టికి అడుగున గచ్చు వేయాల్సిన పని కూడా పెద్దగా ఉండదు. ఈసారి గుట్టెక్కినప్పుడు బండ అంచుల్లో వరసగా పంటిగాట్లలాంటి గుర్తులు వెతకండి. వందల ఏళ్ల కిందటి రాతిపనివాళ్ల చేతి గుర్తులవి. రాజుల పేర్లు శాసనాల్లో ఉన్నాయి, వీళ్ల పేర్లు మాత్రం ఎక్కడా ఉండవు.

నీళ్ల తర్వాత గోడ. గోడను చదవడం నేర్చుకుంటే గైడ్ లేకపోయినా కోట వయసు కొంత అందుతుంది. రాచకొండలో సున్నం లేకుండా, పెద్ద పెద్ద రాళ్లను ఒకదానికొకటి ఒరిసేలా పేర్చిన గోడలు కనిపిస్తాయి. దర్వాజల స్తంభాలు, దూలాలు కూడా ఏకరాతివే. అది ఫిరంగులు రాకముందటి ఆలోచన. శత్రువు ఎక్కకుండా ఉంటే చాలు, ఏనుగు తోసినా పడకుండా ఉంటే చాలు. వరంగల్‌లో కాకతీయులు ఇంకో దారి పట్టారు. అక్కడ కొండ మీద ఆధారపడకుండా నేల మీదే ఒకదాని చుట్టూ ఒకటిగా ప్రాకారాలు కట్టారు. లోపలిది గణపతిదేవుడు మొదలుపెట్టి రుద్రమదేవి పూర్తిచేసిన రాతిగోడ, దాని చుట్టూ అగడ్త, బయట మట్టికోట. మట్టి అని చిన్నచూపు చూడొద్దు. దెబ్బ తగిలితే రాయి పగులుతుంది, మట్టి ఆ దెబ్బను మింగుతుంది.

తుపాకిమందు వచ్చాక లెక్కలన్నీ మారాయి. గోడకు సున్నం, మందం పెరిగాయి, మూలల్లో గుండ్రటి బురుజులు లేచాయి, ఫిరంగి మూతికి సందులు పుట్టాయి. గోల్కొండలో అదంతా ఒక్కచోట చూడొచ్చు: 87 బురుజులు, ఏనుగులు కుమ్మకుండా ఇనుప మేకులు దిగ్గొట్టిన తలుపులు, నేరుగా దూసుకురాకుండా కొండ మీది లోపలి కోట బాలాహిస్సార్ దర్వాజకు అడ్డంగా నిలిచిన గోడ. దర్వాజ దగ్గర చప్పట్లు కొట్టి మురిసిపోయేవాళ్లకు ఒక మాట. అదే కోటలో దుర్గం చెరువు నుంచి మట్టి గొట్టాల్లో వచ్చిన నీటిని అంచెలంచెలుగా పైకి తోడిన ఏర్పాటు చప్పట్ల కంటే పెద్ద వింత. 1687లో ఔరంగజేబు సైన్యం ముందు ఆ కోట ఎనిమిది నెలలు నిలిచిందంటే అందులో నీళ్ల వాటా ఎంతో ఊహించుకోవచ్చు. చివరికి 1747 నాటి జగిత్యాల కోట దగ్గరికి వచ్చేసరికి కొండతో పనే లేదు. నక్షత్రం ఆకారంలో, చుట్టూ కందకంతో, చదును నేల మీద కట్టారు. ఏ మూల నుంచి శత్రువు వచ్చినా రెండు వైపుల నుంచి కాల్చే లెక్క అది. దాన్ని కట్టడంలో ఫ్రెంచి ఇంజినీర్ల చెయ్యి ఉంది.

ఈ వరసలో భువనగిరి ఒక మంచి మొదటి పాఠం. హైదరాబాద్‌కు 50 కిలోమీటర్లు, సికింద్రాబాద్ నుంచి కాజీపేట వైపు రైలెక్కితే కిటికీలోంచే గుట్ట కనిపిస్తుంది. పశ్చిమ చాళుక్య రాజు ఆరవ విక్రమాదిత్యుడి బిరుదు త్రిభువనమల్లుడు, ఆ బిరుదు మీదే త్రిభువనగిరి, అదే వాడుకలో భువనగిరి అయిందంటారు. ఆయన ఏలింది 1076 నుంచి 1126 దాకా. తర్వాత కాకతీయులు, ఆ తర్వాత ఎందరో. 18వ శతాబ్దం మొదట్లో సర్వాయి పాపన్న కూడా దీని మీద దాడి చేశాడు. ఇప్పుడు ఆ బండకు ఇంకో పేరుంది. 2014 మే 25న 13 ఏళ్లకే ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ మొదటి శిక్షణ ఇక్కడే. కోట కట్టినవాళ్లు ఎవరూ ఎక్కకూడదని ఎంచుకున్న బండ మీదే ఈ కాలం పిల్లలు ఎక్కడం నేర్చుకుంటున్నారు.

భువనగిరిలోనే కాదు, ఏ కోటకు పోయినా ఎవరో ఒకరు చెబుతారు, ఇక్కడి నుంచి గోల్కొండ దాకా సొరంగం ఉందని. 50 కిలోమీటర్ల గ్రానైట్‌ను ఉలితో తొలిచి, గాలి ఆడేలా చేసి, ఊరిన నీటిని బయటికి తోడి, తీసిన రాయిని ఎవరి కంటా పడకుండా దాచడం అయ్యే పని కాదు. చిన్న చిన్న దొంగదారులు, నేలమాళిగలు ఉంటాయి, అంతే. ఈ కథ వినడానికి సరదాగానే ఉంటుంది కానీ దీని తమ్ముడు ఇంకొకడున్నాడు, గుప్తనిధుల కథ. వాడు ప్రమాదకారి. ఆ ఆశతో తవ్విన గోతులు మన కోటల్లో, పాత గుళ్లలో గర్భగుడి దాకా కనిపిస్తాయి. నిధి దొరికితే అధికారులకు తెలపాలని 1878 నుంచే చట్టం ఉంది. తవ్వేవాడికి అది తెలియక కాదు.

ఇక రెండో చిక్కుముడి: ఒక కోటలో మెట్లకు రెయిలింగ్, టికెట్ కౌంటర్ ఉంటాయి, ఇంకో కోటలో ముళ్లకంపలు తోసుకుంటూ పోవాలి. ఎందుకు? ఒకే గుట్ట మీద నాలుగైదు శాఖలు కాపురం చేస్తుంటాయి కాబట్టి. గోల్కొండ, వరంగల్ కోటలు కేంద్ర పురావస్తు శాఖవి. వీటికి 1958 చట్టం, దానికి 2010లో వచ్చిన సవరణ వర్తిస్తాయి. కట్టడం నుంచి 100 మీటర్ల దాకా కొత్త నిర్మాణం నిషేధం, ఆపైన ఇంకో 200 మీటర్లు అనుమతి ఉంటేనే. భువనగిరిలాంటివి రాష్ట్ర వారసత్వ శాఖ కిందికి వస్తాయి, వాటికి 2017 నాటి తెలంగాణ వారసత్వ చట్టం ఉంది. కోట లోపల గుడి ఉంటే అది దేవాదాయ శాఖది కావచ్చు. చుట్టూ ఉన్న చెట్లు అటవీ శాఖవి. కింద చెరువు నీటిపారుదల శాఖది. పక్కనున్న గుట్టకు ఏ రక్షణా లేకపోతే గనుల శాఖ లెక్కలో అది ఘనపు మీటర్ల గ్రానైట్. గోడ మీద పిచ్చిచెట్టు మొలిస్తే తీయాల్సింది ఎవరు? దారి వేయాల్సింది ఎవరు? ఈ ప్రశ్నలకు ఒక్కో చోట ఒక్కో జవాబు. రాచకొండలాంటి చోట అడవీ కోటా కలిసిపోయి ఉంటాయి కాబట్టి గోడ బాగుచేయడానికి పోయినా, రోడ్డు వేయడానికి పోయినా రెండు ఆఫీసుల గడప తొక్కాలి.

నాకు ఎక్కువ దిగులు కోట గోడ గురించి కాదు, గుట్ట గురించే. గోడకు ఎంతోకొంత చట్టముంది. గోడ ఆనుకున్న కొండకూ, దాని ఎదురుగా ఉన్న గుండ్లకూ ఆ పాటి దిక్కు లేదు. కోట ఎందుకు అక్కడ కట్టారో చెప్పే సాక్ష్యం ఆ చుట్టుపక్కల రాళ్లే కదా. ఈ రాళ్లను కాపాడాలని హైదరాబాద్‌లో 'సొసైటీ టు సేవ్ రాక్స్' అని 1996లోనే ఒక సంఘం పుట్టింది. అప్పటి నుంచి నగరం ఎన్ని గుట్టలను మింగిందో గచ్చిబౌలి వైపు పోయేవాళ్లకు చెప్పక్కర్లేదు.

ప్రభుత్వమే అన్నీ చేయాలని కూడా లేదు. కామారెడ్డి జిల్లా దోమకొండ కోట ప్రైవేటు ఆస్తి. దాన్ని శ్రద్ధగా బాగుచేసినందుకు 2022లో యునెస్కో ఆసియా-పసిఫిక్ వారసత్వ పురస్కారం వచ్చింది. అదే ఏడాది గోల్కొండ దగ్గర కుతుబ్‌షాహీ సమాధుల ప్రాంగణంలోని మెట్లబావులకూ దక్కింది. చూశారా, మళ్లీ నీళ్ల దగ్గరికే వచ్చాం.

సరే, జలపాతం సంగతి. నీరు పైనుంచి దూకాలంటే మూడు కావాలి: పైన విశాలమైన అడవి, అందులో ఇంకి నెమ్మదిగా ఊరే నేల, మెట్టులా తెగిన రాతి అంచు. గ్రానైట్ గుట్ట దగ్గర ఇవి కుదరవు. పైన వైశాల్యం తక్కువ, రాయిలోకి నీరు ఇంకదు, అంచు తెగినట్టు కాకుండా జారుడుబల్లలా ఉంటుంది. వాన పడ్డ గంటసేపు బండ మీద వెండితీగల్లా పారి కిందికి జారిపోతుంది, మర్నాటికి ఏమీ మిగలదు. మీరు వీడియోలో చూసిన "నగరం పక్కనే దాగున్న జలపాతం" చాలాసార్లు ఇదే.

నల్లమలలో రాయి వేరు. ఒకప్పటి సముద్రం అడుగున పేరుకున్న ఇసుక, గట్టిపడి పొరలు పొరలుగా క్వార్ట్‌జైట్ అయింది. పొర అంచు తెగితే నిలువు గోడే. పైన అడవి నీటిని పట్టి ఉంచుతుంది, పొరల సందుల్లోంచి అది ఊరుతూ ఉంటుంది. మల్లెలతీర్థం, సలేశ్వరం జలపాతాలు పుట్టింది అలాగే. అయితే అది 2,611 చదరపు కిలోమీటర్ల అమ్రాబాద్ పులుల అభయారణ్యం, మన ఇష్టం సాగదు. సలేశ్వరం జాతరకు చైత్ర పౌర్ణమి ముందూ వెనకా కొద్ది రోజులే దారి తెరుస్తారు. శ్రీశైలం ఘాట్ రోడ్డులో రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా బండ్లను వదలరు. ఈ సంగతి తెలియక చెక్‌పోస్టు దగ్గర కారులో పడుకున్నవాళ్లలో నేనూ ఒకణ్ణి.

ఉత్తరాన గోదావరి పక్కన ములుగు జిల్లా వాజేడు దగ్గర బొగత, ఇంకా పైన కడెం వాగు మీద 147 అడుగుల కుంటాల. రెండూ హైదరాబాద్ నుంచి 250 కిలోమీటర్ల పైమాటే, ఒక రోజులో పోయి రావడం మొండితనం. కుంటాల అందంగా ఉంటుంది, అంతే క్రూరంగానూ ఉంటుంది. దిగొద్దని బోర్డు పెట్టిన గుండంలో దిగి పోయిన ప్రాణాలు చాలా ఉన్నాయి.

పడమర అనంతగిరి ఇంకో రకం. వికారాబాద్ గుట్టల మీద లాటరైట్ ఉంటుంది, ఎర్రగా, చిల్లులు చిల్లులుగా ఉండే రాయి. స్పంజిలా వాన నీటిని పీల్చి, కింద ఊటలుగా వదులుతుంది. మన మూసీ పుట్టింది ఆ ఊటల్లోనే. అక్కడ జలపాతం కోసం వెతకడం తప్పు, నది మొదలయ్యే చప్పుడు వినాలి. అనంత పద్మనాభస్వామి గుడి పక్క అడవిలో పొద్దున్నే నడిస్తే, చాదర్‌ఘాట్ వంతెన మీద ముక్కు మూసుకునే నదీ ఇదీ ఒకటేనంటే నమ్మబుద్ధి కాదు.

కాలం కూడా ఈ రెంటినీ కలవనివ్వదు. జలపాతానికి జులై నుంచి సెప్టెంబర్ మంచిది. అదే వానలో గ్రానైట్ మెట్లు పాచి పట్టి కాలు నిలవనివ్వవు. మార్చి దాటితే బండ పెనంలా కాలుతుంది. కోట గోడల నీడన, బండ చరియల కింద పెద్ద తేనెతుట్టెలు ఉంటాయి, అరుపులు, పొగ, ఘాటైన సెంటు వాటికి పడవు. పండ్ల సంచి చేతిలో కనబడితే కోతుల సంగతి నేను చెప్పనక్కర్లేదు.

నాకు నచ్చిన రోజులు బతుకమ్మ, దసరా నాటివి. వానలు వెనక్కి తగ్గుతాయి, మెట్లు ఆరతాయి, గుట్ట మీది గుండాలు ఇంకా నిండుగా ఉంటాయి, దారి పొడుగునా తంగేడు, గునుగు పూస్తాయి. ఆ రోజుల్లో కోటకు జతగా జలపాతాన్ని కాకుండా చెరువును వెతకండి, ఎందుకంటే ఈ రాయి మీద రాజులు వాన నీటిని పట్టిన రెండో తొట్టి అదే. బండ మీద జారిన నీరంతా కింద రెండు గుట్టల మధ్య కట్ట వేసిన చోట ఆగుతుంది. వరంగల్ కోట చూస్తే 13వ శతాబ్దం నాటి పాకాల చెరువో, 1213లో కట్టిన గుడి పక్కనున్న రామప్ప చెరువో చూడకుండా రావొద్దు. మెదక్ కోటకు పోతే సింహద్వారం, గజద్వారం దాటి ముబారక్ మహల్ దాకా ఎక్కండి, దిగాక 1924 నాటి చర్చిలో కాసేపు కూర్చోండి, ఆ తర్వాత పదిహేను కిలోమీటర్ల దూరంలో పోచారం చెరువు.

ఇంత చెప్పాక కూడా మా కింది ఫ్లాట్ తమ్ముడు వదల్లేదు. "అంటే నీళ్లు దూకడం చూడలేమంటావా అన్నా?" అన్నాడు. వాణ్ణీ పిల్లల్నీ తీసుకుని పోయిన సెప్టెంబర్‌లో మెదక్ వెళ్లాం. సాయంత్రానికి పోచారం చేరేసరికి చెరువు నిండి మత్తడి (అలుగు) దుంకుతోంది. కట్ట పొడుగునా తెల్లటి నీటి తెర, ఆ హోరుకు పక్కనున్న మనిషి మాట వినబడదు. కంకులు కాల్చే ఆమె దగ్గర జనం గుమిగూడి ఉన్నారు. పిల్లలు బట్టలు తడుపుకుని వణుకుతున్నారు. వాడు ఫోన్ పక్కన పెట్టి చాలాసేపు చూసి, "ఇది ఏ జలపాతం కింద వస్తదన్నా?" అని అడిగాడు.